నాలుగు డబ్బాలు, ఒక దురద: 'మినరల్' మేకప్ పడని ఒక సేల్స్ అమ్మాయి కేసు

కుర్చీలో కూర్చోకముందే ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఒక పాలిథిన్ కవరు తీసి నా టేబుల్ మీద బోర్లించింది. నాలుగు మేకప్ డబ్బాలు దొర్లాయి. ఒకదాని మూత సరిగ్గా లేదేమో, ప్రిస్క్రిప్షన్ ప్యాడ్ మీద లేత గోధుమరంగు పొడి పడి మెరిసింది.

"వీటిల్లో ఏది పడట్లేదో చెప్పండి డాక్టరుగారండి. మిగతావి వాడుకుంటాను."

ఆమెకు 28 ఏళ్ళు. రాజమండ్రిలో ఒక చీరల షోరూమ్‌లో సేల్స్‌లో పనిచేస్తుంది. ఆమె అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను, మందులూ పరీక్షలూ తేదీల క్రమం మాత్రం కేస్ షీట్‌లో ఉన్నట్టే ఉంచాను. నేను చేసిన పొరపాటు కూడా ఉంచాను, ఎందుకంటే అది లేకపోతే ఈ కేసులో పెద్దగా చెప్పుకోవాల్సిందేమీ లేదు.

వచ్చిన రోజు

మే రెండో వారం. గోదావరి జిల్లాల్లో ఆ నెలలో చెమట ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. నాలుగు నెలలుగా బుగ్గల మీద, దవడ అంచున దురద, మంట, సన్నటి పొక్కులు. పొద్దున మేకప్ వేసుకున్న రెండు గంటల్లోపే మొదలవుతుంది. సాయంత్రానికి గోకకుండా ఉండలేదు. కస్టమర్ ముందు గోక్కుంటే బాగోదు కాబట్టి చీర మడత పెడుతున్నట్టు తల వంచి మోచేత్తో రుద్దుకుంటుందట. అలా చెప్పి నవ్వింది, నాకు మాత్రం నవ్వు రాలేదు.

పది గంటలకు డ్యూటీ, రాత్రి తొమ్మిది దాటాకే ఇల్లు. ఫ్లోర్ మీద ఉండేవాళ్ళ ముఖం 'ఫ్రెష్‌గా' ఉండాలని రూలు. మేకప్ ఖర్చు మాత్రం వాళ్ళదే. ముందు ఏదో క్రీమ్ ఫౌండేషన్ వాడేది. జిడ్డుగా ఉందని మానేసి, జనవరిలో 'మినరల్' అని రాసి ఉన్న లూజ్ పౌడర్ కొంది. ఎందుకు అదే అని అడిగితే, "ఖనిజాలంటే నేచురలే కదండి, కెమికల్స్ ఉండవని" అంది.

ఎలా వేసుకుంటావో చూపించమన్నాను. మా సిస్టర్ దగ్గర అద్దం తీసుకుని, గుండ్రటి బ్రష్‌తో బుగ్గ మీద గుండ్రంగా, ఇత్తడి చెంబు తోముతున్నంత గట్టిగా రుద్దింది. పొద్దున మూడు కోటింగులు. మధ్యాహ్నం అన్నం తిన్నాక, చెమట తుడవకుండా, దాని మీదే ఇంకోటి. వీడియోలో అలాగే చెప్పారట. బ్రష్ ఎప్పుడు కడిగావంటే, "కడగాలాండి?" అంది.

పరీక్షలో కనిపించినవి: రెండు బుగ్గలు, దవడ అంచుల మీద గుండుసూది తలంత ఎర్ర పొక్కులు, అక్కడక్కడా చీము మొన. నుదురు దాదాపు శుభ్రం. కనురెప్పలు, మెడ పూర్తిగా శుభ్రం. చెంప ఎముకల మీద పాత మంగు మచ్చలు లేతగా ఉన్నాయి. బుగ్గల మీద సన్నటి ఎర్ర నరాలు, కొంచెం నూగు. ఈ చివరి రెండూ నా చేత్తో నేనే రాసుకున్నాను, రాసి ఊరుకున్నాను.

"ముఖానికి మందులేమైనా రాస్తున్నావా అమ్మా?"

"ఏం రాయట్లేదండి."

కేస్ షీట్‌లో 'మందులు: లేవు' అని రాశాను.

నాలుగు డబ్బాలు

ఇక డబ్బాల సంగతి. నేను భూతద్దం పెట్టుకుని వెనక ఉన్న సన్న అక్షరాలు చదువుతుంటే, ఆమె డబ్బాలను ధర ప్రకారం వరసగా పేర్చింది. తన దృష్టిలో మంచిది అన్నిటికంటే చివర.

మొదటిది ఎగ్జిబిషన్‌లో 60 రూపాయలకు కొన్న 'పెర్ల్ పౌడర్'. దాని మీద తయారీదారు చిరునామా లేదు, లైసెన్స్ నంబర్ లేదు, బ్యాచ్ నంబర్ లేదు, తేదీ కూడా లేదు. దాన్ని తెరవకుండానే పక్కన పెట్టేశాను. అందులో ఏముందో కనుక్కోవడానికి ల్యాబ్ ఖర్చు ఆమె నెల జీతంలో ఎంతవుతుందో నాకు తెలుసు.

రెండోది 199 రూపాయల కాంపాక్ట్. ముందువైపు 'మినరల్ గ్లో' అని పెద్దక్షరాలు. వెనక జాబితాలో మొదటి పేరు టాల్క్, తర్వాత మైకా, ఐసోప్రొపైల్ పామిటేట్, మినరల్ ఆయిల్, పాడవకుండా వేసే రెండు పారాబెన్లు, పెర్ఫ్యూమ్, రంగులు. ఇందులో మినరల్ అనే మాట ఎక్కడినుంచి వచ్చిందంటే టాల్క్ నుంచి అనుకోవాలి. అది నిజంగానే ఖనిజం, మనం పలక మీద రాసుకున్న బలపం ఆ జాతిదే. ఖనిజాలన్నిట్లోకీ మెత్తనిది కాబట్టే గోటితో గీకినా పొడి రాలుతుంది. తమాషా ఏమిటంటే ఖరీదైన మినరల్ మేకప్‌ల మీద 'టాల్క్ లేదు' అన్నదే పెద్ద గొప్పగా రాసి ఉంటుంది. ఒకరికి టాల్క్ ఉండటమే మినరల్, ఇంకొకరికి అది లేకపోవడం మినరల్. మన దేశంలో గానీ, అమెరికాలో గానీ 'మినరల్ మేకప్' అన్న మాటకు చట్టంలో నిర్వచనం లేదు. ఎవరి ఇష్టం వాళ్ళది. మినరల్ ఆయిల్ సంగతి మరీనూ, అది పెట్రోలియం శుద్ధి చేస్తే వచ్చే నూనె.

మూడోది ఆమె జనవరిలో కొన్న లూజ్ పౌడర్. 8 గ్రాములు, 449 రూపాయలు. జాబితా చిన్నది: మైకా, బిస్మత్ ఆక్సీక్లోరైడ్, టైటానియం డైఆక్సైడ్, జింక్ స్టియరేట్, ఐరన్ ఆక్సైడ్లు.

నాలుగోది అమెరికాలో ఉన్న వదిన పంపింది. అదీ 8 గ్రాములే, మన డబ్బుల్లో 3,000 పైమాట. "449 రూపాయలది కదా అందుకే పడలేదనుకుని ఇది మొదలుపెట్టానండి. ఇది కూడా అంతే. ఇంక నా ముఖమే మంచిది కాదనుకున్నాను."

ఆ నాలుగో డబ్బా జాబితా: మైకా, బిస్మత్ ఆక్సీక్లోరైడ్, టైటానియం డైఆక్సైడ్, సిలికా, ఐరన్ ఆక్సైడ్లు.

రెండు డబ్బాలనూ పక్కపక్కన పెట్టి ఆమెకు చూపించాను. ఆమె ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది. మూడు పేర్లు కలిశాక ఆగి, "మా వదినకి చెప్పకండే" అంది. వదిన ఉండేది డల్లస్‌లో, నేను చెప్పేదెలా!

ఈ పొడులు ఏమిటో కొంచెం వివరంగా చెప్పాలి. ఈ వ్యాపారమంతా నడిచేది అయిదారు పొడుల మీదే.

మైకా అంటే అభ్రకం, పాతకాలం వాళ్ళు కాకిబంగారం అనేది. మన గూడూరు చుట్టుపక్కల గనుల నుంచి ఒకప్పుడు విదేశాలకు ఎగుమతయ్యేది. ఇప్పుడు మేకప్‌లోకి వచ్చేది ఎక్కువగా జార్ఖండ్, బీహార్ నుంచి. అక్కడి గనుల్లో చిన్నపిల్లలు ఏరుతున్నారన్న గొడవ వల్లే కొన్ని కంపెనీలు ప్రయోగశాలలో తయారైన కృత్రిమ అభ్రకానికి మారాయి. జాబితాలో అది సింథటిక్ ఫ్లోర్‌ఫ్లోగోపైట్ అనే నోరు తిరగని పేరుతో కనిపిస్తుంది. అభ్రకం పొరలు పొరలుగా విడిపోతుంది, ఆ రేకులు వెలుతురును తిప్పికొట్టడమే ముఖం మీద కనిపించే మెరుపు. అందులో బాగా సన్నగా ఉండి మెరుపు తక్కువ ఇచ్చే రకాన్ని సెరిసైట్ అంటారు.

టైటానియం డైఆక్సైడ్ తెల్లటి పొడి. వజ్రం కంటే ఎక్కువగా వెలుతురును వంచుతుంది, అందుకే చిటికెడు వేసినా కింద ఉన్న మచ్చను కప్పేస్తుంది. మన భీమిలి నుంచి శ్రీకాకుళం దాకా తీరపు ఇసుకలో నల్లగా కనిపించే ఇల్మనైట్ దీనికి ముడిసరుకు. చామనఛాయ ముఖానికి ఇది ఎక్కువైతే బూడిద పూసినట్టుంటుంది. ఫోటోలో ఫ్లాష్ పడితే ఇక చూడక్కర్లేదు. జింక్ ఆక్సైడ్ కూడా తెలుపే, కానీ అంత గట్టిగా కప్పదు, చర్మానికి మాత్రం చల్లన. మన ఇళ్ళల్లో చెమటకాయలకు రాసే గులాబిరంగు క్యాలమైన్ లోషన్ గుర్తుందా? జింక్ ఆక్సైడ్‌లో కొద్దిగా ఐరన్ ఆక్సైడ్ కలిపిందే అది. ఆ లెక్కన మన అమ్మమ్మలు ఎప్పటినుంచో మినరల్ మేకప్ వేస్తూనే ఉన్నారు.

ఐరన్ ఆక్సైడ్లంటే జేగురు కుటుంబం. ఎరుపు, పసుపు, నలుపు మూడూ కలిపితే మన చర్మపు రంగులన్నీ వస్తాయి. జాబితాలో ఇవి పేరుతో కాకుండా నంబర్లతో ఉండొచ్చు: సీఐ (కలర్ ఇండెక్స్) 77491 ఎరుపు, 77492 పసుపు, 77499 నలుపు. ఇక్కడే ఆమె 'నేచురల్' నమ్మకం తేలిపోతుంది. మేకప్‌లో వాడే ఐరన్ ఆక్సైడ్ ఫ్యాక్టరీలో తయారుచేసిందే, అలా ఉండటమే మంచిది కూడా. నేల నుంచి తవ్విన జేగురులో ఆర్సెనిక్, సీసం కలిసి ఉండొచ్చు.

చివరగా బిస్మత్ ఆక్సీక్లోరైడ్, నంబర్ 77163. ఇది కూడా ఫ్యాక్టరీ సరుకే. సీసం, రాగి శుద్ధి చేసేటప్పుడు ఉపఫలంగా బిస్మత్ లోహం దొరుకుతుంది, దాని నుంచి దీన్ని తయారుచేస్తారు. ముత్యంలాంటి మెరుపు, పట్టులాంటి జారుడు, చర్మానికి అతుక్కునే గుణం, మూడూ దీనివే. 1990ల్లో అమెరికాలో టీవీ షాపింగ్ చానళ్ళలో లూజ్ పౌడర్ మేకప్ ఊపందుకున్నప్పుడు ఆ 'క్రీమ్‌లాంటి పొడి' అన్న అనుభూతి చాలావరకు ఇలాంటి పొడులు ఇచ్చిందే. కొందరికి, ముఖ్యంగా చెమట పట్టినప్పుడు, గట్టిగా రుద్దినప్పుడు, ఇది దురద పెడుతుంది. అలర్జీ కాదు, రాపిడి లాంటి చికాకు. చాలామందికి అసలేమీ కాదు.

మూడో డబ్బా, నాలుగో డబ్బా రెండింటిలోనూ బిస్మత్ ఉంది, రెండింటికీ దురద వచ్చింది. మధ్యలో పది రోజులు కాంపాక్ట్ వాడినప్పుడు దురద తగ్గి పొక్కులు పెరిగాయని ఆమే చెప్పింది. కాంపాక్ట్‌లో బిస్మత్ లేదు, ఐసోప్రొపైల్ పామిటేట్ ఉంది. అది రంధ్రాలు మూసి మొటిమలు తెప్పించే రకం. అన్నీ చక్కగా అతికినట్టు సరిపోయాయి. అంత చక్కగా సరిపోయినప్పుడే కొంచెం అనుమానించాలని ఇన్నేళ్ళ ప్రాక్టీసులో నేర్చుకోలేదా అంటే, నేర్చుకున్నాను. ఆ రోజు గుర్తురాలేదు.

చేతి మీద, ఆ తర్వాత బుగ్గ మీద

ముందు అలర్జీ కాదని తేల్చాలి. ఇండియన్ స్టాండర్డ్ సిరీస్‌తో ప్యాచ్ టెస్ట్ చేశాం, అంటే అనుమానమున్న పదార్థాలను చర్మానికి అంటించి చూడటం. నికెల్, పెర్ఫ్యూమ్ మిశ్రమం, పారాబెన్లు, ఇంకా మనకు అలవాటైన వయ్యారిభామ సహా ఆ జాబితాలో ఉన్నవన్నీ, వాటితోపాటు ఆమె పొడులు మూడూ విడివిడిగా. సోమవారం వీపు మీద అంటించాం, బుధవారం తీశాం, శుక్రవారం మళ్ళీ చూశాం. మే నెల చెమటకు ప్యాచ్ ఊడిపోతుందేమోనని నాకు టెన్షన్. అందుకే ఆ రెండు రోజులూ సెలవు పెట్టించాను. ఒక్క మచ్చ లేదు. అన్నీ నెగెటివ్.

దాని తర్వాత మూడో డబ్బా పొడి మోచేతి మడత దగ్గర రోజుకు రెండుసార్లు, వారం రోజులు రాయించాం. అక్కడా ఏమీ రాలేదు. అంటే చేతి చర్మం ఈ పొడిని మోస్తోంది, బుగ్గ మోయట్లేదు. చేతిని ఎవరూ బ్రష్‌తో తోమరు, చేతికి అంత చెమటా పట్టదు కాబట్టి అంతేలే అనుకున్నాను.

అప్పుడు చేసింది ఈ కేసులో నాకు అన్నిటికంటే నచ్చిన పని. మార్కెట్‌లో దొరికే ఇంకో లూజ్ పౌడర్ తెప్పించాను. 420 రూపాయలది. మైకా, జింక్ ఆక్సైడ్, టైటానియం డైఆక్సైడ్, సిలికా, మెగ్నీషియం స్టియరేట్, ఐరన్ ఆక్సైడ్లు. బిస్మత్ లేదు, పెర్ఫ్యూమ్ లేదు. కుడి బుగ్గకు ఆమె పాత పొడి, ఎడమ బుగ్గకు ఈ అయిదో డబ్బా. రుద్దకూడదు, అద్దాలి. రెండు వేరు వేరు బ్రష్‌లు, రెండూ కొత్తవి. ఆరు రోజులు. దురద మొదలైన టైము ఫోన్‌లో రాసుకోవాలి.

ఆమె ఫోన్‌లో కాకుండా షోరూమ్ బిల్లు వెనక రాసుకొచ్చింది. ఆ కాగితం ఇప్పటికీ ఫైల్లో ఉంది. కుడివైపు ఆరు రోజుల్లో అయిదు రోజులు దురద, 11:30 నుంచి 12 మధ్యలోనే. ఎడమవైపు మూడు రోజులు ఏమీ లేదు. మిగతా మూడు రోజులు సాయంత్రం నాలుగు తర్వాత 'చురచుర' అని రాసింది.

బిస్మత్ మీద నేరం రుజువైంది. ఈ కేసు ఇక్కడితో ముగించి, 'బిస్మత్ లేనిది వాడు' అని పంపేయొచ్చు. నిజానికి ప్రిస్క్రిప్షన్ రాయడం మొదలుపెట్టాను కూడా. ఆ మూడు రోజుల చురచుర అడ్డుపడింది. జింక్ ఆక్సైడ్ ఉన్న పొడికి, అద్దుకుంటే, చర్మం ఎందుకు చురచురలాడాలి? మామూలు చర్మమైతే ఆడదు.

రాత్రి క్రీమ్

పెన్ను పక్కన పెట్టి, ఇంకోలా అడిగాను. "రాత్రి పడుకునేముందు ముఖం కడుక్కున్నాక ఏం రాస్తావు?"

"స్కిన్ క్రీమ్ అండి."

"ఎవరిచ్చారు?"

"మెడికల్ షాపులో. మంగుకి."

మర్నాడు ట్యూబ్ తెచ్చింది. మొమెటాసోన్, హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ మూడూ కలిపిన క్రీమ్. స్టెరాయిడ్, తెల్లబరిచేది, పై చర్మం ఒలిచేది. డాక్టరు పర్యవేక్షణలో కొన్ని వారాలు వాడాల్సిన మందు అది. ఈమె కిందటి అక్టోబర్ నుంచి ఏడు నెలలకు పైగా రోజూ రాస్తోంది. మందు అని ఆమె అనుకోలేదు, అందుకే మొదటి రోజు 'ఏం రాయట్లేదండి' అని నిజమే చెప్పింది. అది నేను వేసిన ప్రశ్న తప్పు.

వరస ఇలా ఉంది. అక్టోబర్‌లో మంగుకి క్రీమ్. నెలకు ముఖం మెరిసింది, షోరూమ్‌లో అందరూ ఏం వాడుతున్నావని అడిగారు. డిసెంబర్‌కి బుగ్గలు ఎర్రబడటం, ఎండలో మంట. ఆ ఎరుపు కప్పడానికి జనవరిలో మందంగా పౌడర్. ఫిబ్రవరికి దురద. మేకప్ ఎప్పుడు మొదలుపెట్టావని అడిగాను గానీ, మూడు కోటింగులు ఎందుకు వేయాల్సి వచ్చిందని అడగలేదు. మొదటి రోజు నేనే రాసుకున్న సన్నటి ఎర్ర నరాలు, నూగు, రెండూ స్టెరాయిడ్ ముఖం గుర్తులు. పీజీలో ఉన్న పిల్లలు రాయకపోతే నేను తిడతాను.

స్టెరాయిడ్, ట్రెటినాయిన్ కలిసి పలచబరిచిన చర్మం మీద అభ్రకం రేకులు, బిస్మత్ రేకులు వేసి బ్రష్‌తో తోమితే ఏమవుతుందో అదే అయింది. చర్మవైద్యుల సంఘం ఏళ్ళ తరబడి మొత్తుకుంటే 2018లో కేంద్రం 14 స్టెరాయిడ్ పూత మందులను ప్రిస్క్రిప్షన్ ఉంటేనే అమ్మాలన్న జాబితాలోకి తెచ్చింది. కౌంటర్ మీద అమ్మకం ఎలా ఉందో ఈ ట్యూబే చెబుతోంది.

క్రీమ్ ఆపించాను. ఇలాంటిది ఆపితే ముందు ముఖం మండిపోతుందని ముందే చెప్పాను, లేకపోతే మూడో రోజే మళ్ళీ షాపుకెళ్ళి కొనుక్కుంటారు. అయిదో రోజు ఫోన్ చేసింది, ముఖం టమాటాలా ఉందని. స్టెరాయిడ్ కాని టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్, వాసన లేని సాదా మాయిశ్చరైజర్, గర్భం లేదని తేల్చుకుని డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఆరు వారాలు. మేకప్ పూర్తిగా బంద్.

ఉద్యోగమే అసలు చిక్కు. 'మూడు వారాలు మేకప్ వేసుకోరాదు' అని లెటర్‌హెడ్ మీద రాసిచ్చాను. షోరూమ్ వాళ్ళు ఉద్యోగం తీసేయలేదు గానీ, ఫ్లోర్ మీద నుంచి తీసి స్టాకు రూములో చీరలు మడతపెట్టే పనిలో వేశారు. దాంతో అమ్మకాల మీద వచ్చే ఇన్సెంటివ్ పోయింది. ఆ మూడు వారాల్లో పోయిన డబ్బు వదిన పంపిన డబ్బా ధర కంటే ఎక్కువ. ఇలాంటి ఖర్చు ఏ ప్యాకెట్ మీదా ఉండదు.

మళ్ళీ మేకప్

జులై రెండో వారానికి ఎరుపు సగానికి తగ్గింది. మేకప్ మళ్ళీ మొదలుపెట్టాల్సిందే, ఫ్లోర్ మీదికి వెళ్ళాలంటే తప్పదు. ఆ రోజు ఆమె అడిగిన ప్రశ్నలు చాలా బాగున్నాయి, నా జవాబులతో సహా ఇక్కడ పెడుతున్నాను.

మొదటిది: జింక్ ఆక్సైడు, ఎర్ర ఆక్సైడు, మైకా పొడి ఆన్‌లైన్‌లో కిలోల్లెక్కన చవగ్గా దొరుకుతున్నాయి, ఇంట్లో కలుపుకుంటే పోదా? వద్దన్నాను. పెయింటుకు, ముగ్గుకు, కుండలకు అమ్మే రంగుపొడి వేరు, సౌందర్య సాధనాల గ్రేడు వేరు. మన దేశంలో మేకప్ రంగుల్లో సీసం 20 పీపీఎం (పది లక్షల్లో 20 వంతులు), ఆర్సెనిక్ 2 పీపీఎం దాటకూడదు. పెయింటు గ్రేడు పొడిని ఆ లెక్కతో ఎవరూ పరీక్షించరు. పైగా ఫ్యాక్టరీలో ఆ రంగు రేణువుల మీద సన్నటి పూత వేసి, మరలో కలుపుతారు. మిక్సీలో ఆ పని జరగదు, బుగ్గ మీద ఎర్ర చారలు పడతాయి.

రెండోది: డబ్బా మీద ఎస్‌పీఎఫ్ 15 అని ఉంది కదా, సన్‌స్క్రీన్ మానేయొచ్చా? దీనికి ఇద్దరం కలిసి లెక్క వేశాం. 8 గ్రాముల డబ్బా ఆమెకు 50 రోజులు వచ్చింది. అంటే రోజుకు 160 మిల్లీగ్రాములు, అదీ పొద్దున, మధ్యాహ్నం కలిపి, బ్రష్‌కు, గాలికి పోయింది కూడా కలుపుకుని. ఎస్‌పీఎఫ్ కొలిచేది చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున రాసి. ఆ లెక్కన ముఖానికి ఒక గ్రాము పైనే కావాలి. వారం రోజులకు ఒక డబ్బా అన్నమాట. అంత వేస్తే షోరూమ్ బొమ్మలా ఉంటానండి అంది. సన్‌స్క్రీన్ ముందు, పౌడర్ తర్వాత. అయితే ఐరన్ ఆక్సైడ్లు ఉన్న పౌడర్‌తో ఆమెకు ఒక లాభం ఉంది. మంగును ఎండతోపాటు కంటికి కనిపించే వెలుతురు కూడా పెంచుతుంది, మామూలు తెల్ల సన్‌స్క్రీన్ దాన్ని పెద్దగా ఆపదు. రంగు ఉన్న పొర కొంత ఆపుతుంది.

మూడోది: టాల్క్ క్యాన్సర్ అంటున్నారు, నిజమేనా? 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం టాల్క్‌ను '2ఏ', అంటే బహుశా క్యాన్సర్ కారకం అన్న గుంపులో చేర్చింది. టైటానియం డైఆక్సైడ్ పొడిని పీల్చడం గురించి అదే విభాగం అంతకుముందే '2బి' అంది, అంటే ఒక మెట్టు తక్కువ అనుమానం. టాల్క్ మీద అనుమానం ముఖ్యంగా జననాంగాల దగ్గర వాడితే వచ్చే అండాశయ క్యాన్సర్ గురించి, టైటానియం మీద ఊపిరితిత్తుల్లోకి పోవడం గురించి. ముఖానికి రాసుకున్నందుకు భయపడాల్సిన పని లేదు గానీ, ఏ పొడినైనా పీల్చకపోవడమే మంచిది. కాబట్టి ఫ్యాన్ కింద నిలబడి డబ్బా కొట్టి పొడి లేపకు, మూతలో కొంచెం వంచుకుని, బ్రష్ అద్ది, ఊపిరి బిగబట్టి వేసుకో అన్నాను. వాళ్ళ చిన్నమ్మాయికి ఆయాసం ఉందని అప్పుడు చెప్పింది. అయితే ఆ పిల్ల ఉన్న గదిలో వద్దు.

నాలుగో ప్రశ్న నన్ను కొంచెం ఇరకాటంలో పెట్టింది. ఎగ్జిబిషన్ డబ్బా మీద పదార్థాల జాబితా లేదు కదా, అది చట్టవిరుద్ధమేనా? జాబితా లేకపోవడం ఒక్కటే అయితే కాదు. మన నిబంధనల ప్రకారం పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరసలో రాయాలి, ఒక శాతం లోపువి చివర ఎలాగైనా రాయొచ్చు. కానీ 30 గ్రాముల లోపు పొడులు, గట్టి పదార్థాల ప్యాక్‌లకు ఆ జాబితా తప్పనిసరి కాదు. ఆలోచించండి, 30 గ్రాముల కాంపాక్ట్ ఎవరు కొంటారు? సరిగ్గా ముఖానికి పూసుకునే చిన్న డబ్బాలకే మినహాయింపు దొరికింది. జాబితా ఇచ్చే కంపెనీలు తమంతట తామే ఇస్తున్నాయి. అందుకే నేను పేషెంట్లకు చెప్పేది ఒకటే, ధర ఎంతైనా సరే, జాబితా వేయని డబ్బా కొనకండి. తయారీ లైసెన్స్ నంబర్, తయారీదారు పేరు, ఊరు కూడా లేనిది ఇంకో కథ, దానికి మినహాయింపు ఏమీ లేదు.

అయిదో డబ్బానే కొనసాగించమన్నాను. షేడ్ దగ్గర ఇబ్బంది వచ్చింది. ఈ ధరలో మూడే షేడ్లు, మూడూ గులాబి వైపే. పసుపు తక్కువైతే చామనఛాయ మీద టైటానియం తెలుపు బూడిదగా తేలుతుంది. ముదురుది, మధ్యదీ రెండూ కొని సగం సగం కలుపుకుంది. కొనేముందు కొట్టు లైటు కింద కాకుండా గుమ్మం దగ్గరికొచ్చి, చేతి మీద కాదు దవడ అంచున రాసి చూసుకుంది. రెండు డబ్బాలు కలిపి 840, మూడు నెలలు పైగా వస్తాయి. బ్రష్ ప్రతి ఆదివారం తలస్నానం షాంపూతోనే. మధ్యాహ్నం ముందు టిష్యూతో చెమట అద్దుకుని, తర్వాతే పొడి.

ఒక చిన్న సంగతి. అదే కంపెనీ బ్లష్ కూడా కొనబోతూ ఫోటో పంపింది. 'ప్యూర్ మినరల్' అని ఉంది, వెనక 75470 అని ఒక నంబర్ ఉంది, ఏమిటండి అని. అది కార్మిన్, కోకినీల్ అనే పురుగులను ఎండబెట్టి తీసే ఎరుపు. శనివారం గుడ్డు కూడా ముట్టని మనిషి, వెంటనే వెనక్కి పెట్టేసింది.

సెప్టెంబర్ చివరి వారం

నాలుగు నెలలు దాటాక చివరిసారి చూశాను. పొక్కులు లేవు. ఎర్ర నరాలు ఎడమ బుగ్గ మీద ఇంకా ఉన్నాయి, అవి పూర్తిగా పోతాయని మాట ఇవ్వలేదు. మంగు మళ్ళీ కొంచెం ముదిరింది, దానికి వేరే చికిత్స మొదలుపెట్టాం, ఈసారి తేదీలు రాసి.

నాకు ఒక అనుమానం మిగిలిపోయింది కాబట్టి, ఆమె ఒప్పుకుంటే, కుడి బుగ్గ పరీక్ష ఇంకోసారి చేద్దామన్నాను. పాత 449 రూపాయల పొడి, అదే బిస్మత్, ఈసారి అద్దుకుంటూ, మూడు రోజులు. మే నెలలో గంటన్నర, రెండు గంటలకే మొదలైన దురద ఇప్పుడు నాలుగున్నర గంటలకు గానీ రాలేదు. ఒక రోజు అసలు రాలేదు. చర్మం కోలుకుంది, రుద్దుడు ఆగింది, మే ఎండలు పోయాయి. ఈ మూడింట్లో ఏది ఎంత అని విడదీయడానికి ఇంకో మేకప్ పరీక్ష పెట్టే ధైర్యం నాకు లేదు, ఆమెకు ఓపికా లేదు.

వెళ్ళేముందు వదిన డబ్బా ఏం చేశావని అడిగాను.

"పారేయలేదండి. మూడు వేలది ఎలా పారేస్తాం? పెళ్ళిళ్ళకి వేసుకుంటున్నాను. ముహూర్తం, భోజనం, ఫోటో, మూడు గంటల్లో అయిపోతుంది. దురద మొదలయ్యేలోపు ఇంటికొచ్చి కడిగేసుకుంటాను."

కేస్ షీట్‌లో దాన్ని కూడా రాసుకున్నాను.